గాడిలో పచ్చటి మెలిక

పైగా ఆ మెలిక ఒకటి. అది లేకపోతే తను నమ్మేవాడే కాదు. తిన్నని గీత అయితే ఏ ఉప్పో, నీటి బొట్లో అనుకుని వదిలేసేవాడు. ఇది మధ్యలో వంగింది. తాము తయారుచేసిన మందుల్లో నలభై ఒకటో అణువు ఎక్కడ వంగాలో సరిగ్గా అక్కడే వంగింది. కాకపోతే, ఎక్కడ వంగాలో ముందే తెలిసిన కన్ను అక్కడ వంపును చూడకుండా ఎలా ఉంటుంది? మూడు రోజులుగా దశరథ్ ఈ ప్రశ్న దాకా వచ్చి, మళ్లీ మొదటికి పోతున్నాడు. పైగా ఆ మెలిక.

మౌస్ చక్రాన్ని ఒక మెట్టు కిందికి తిప్పాడు. తెర మీది పచ్చటి వల, ఎక్స్-రేలతో అణువులు ఎక్కడున్నాయో చూపే పటం, కాస్త ఉబ్బింది. ఇంకో మెట్టు తిప్పితే చుట్టూ చిన్న చిన్న పచ్చటి చుక్కలు లేచాయి. ఏదీ కాని చోట కూడా ఏదో ఉన్నట్టు కనిపించడం మొదలైంది. మళ్లీ పైకి తిప్పాడు. వల సన్నబడి మధ్యలో తెగింది. ఎంత ఎత్తున ఆపాలో చెప్పే నియమం ఒకటి ఉంది. నెల కిందట, మొదటిసారి చూసినప్పుడు, ఆ నియమానికి ఒక మెట్టు కింద ఆపాడు. ఒక్క మెట్టు.

"సారు మూడు దినాల సంది ఆ పచ్చ పురుగునే సూస్తుండు," అన్నాడు గాజు సామాను కడిగే కొమురయ్య, వెనక నుంచి ట్రే పట్టుకుని పోతూ. "గది కదుల్తదా సార్?"

"కదలదు కొమురన్నా."

"కదలకుంటె ఎందుకు సూసుడు!"

కొమురయ్యకు అది పురుగు. తనకు మందు. కిటికీ అవతల పక్క ఫ్యాక్టరీ ట్యాంకర్లు వరసగా నిలబడి ఉన్నాయి. గాలి ఇటు తిరిగినప్పుడల్లా ఏదో పుల్లటి వాసన వస్తోంది. ఈ పటాన్‌చెరులో ఏ వాసన ఏ గోడ నుంచి వచ్చేదో అతనికి చిన్నప్పటి నుంచి తెలుసు. వాసనల విషయంలో అతను పొరబడడు. ఆ మాట అనుకోగానే మనసు చటుక్కున పక్కకు తప్పుకుంది.

తెర మీద ఉన్నది ఒక చిన్న ప్రోటీన్. కాలిన పుండ్లలో చేరే ఒక బాక్టీరియాది. ఆ బాక్టీరియా ఒంటి మీద సూదులుంటాయి. మనిషి కణాన్ని తాకి, ఆ సూదిలోంచి విషాన్ని ఎక్కిస్తుంది. సూది బొక్క ఎంత సన్నమంటే విషపు ప్రోటీన్ ముద్దకట్టి ఉంటే దాటలేదు. అందుకని ఈ చిన్న ప్రోటీన్ దానికి తోడుంటుంది. షాపెరోన్ అంటారు దీన్ని. ఒకే అచ్చులో పోసిన రెండు సగాలు ఒకదానికొకటి ఆనుకుని నిలబడ్డట్టు ఉంటుంది. ఒక్కో సగంలో మెలితిరిగిన కడ్డీలు మూడు, పట్టీలు ఐదు. విషపు ప్రోటీన్ తల భాగం దారంలా విచ్చుకుని ఈ రెండు సగాల చుట్టూ తిరిగి, పక్కల ఉన్న గాడుల్లో దిగుతుంది. షాపెరోన్ దాన్ని ముడుచుకోనివ్వదు, పని చేయనివ్వదు, విప్పి పట్టుకుని సూది మొదలు దాకా తెచ్చి అప్పగిస్తుంది. తాను లోపలే ఉండిపోతుంది. ఆ గాడిలో ముందే మందు అణువును కూర్చోబెడితే దారానికి చోటు దొరకదు. బాక్టీరియా చావదు. కానీ సూది ఖాళీగా ఉంటుంది.

వదినకు ఒకసారి ఇదంతా చెప్పాడు. భవాని సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు ప్యాక్ చేసే లైన్‌లో పనిచేస్తుంది కాబట్టి సూది అనగానే పట్టుకుంది. అంతా విని అడిగింది: "మరి ఆ తోడుండేది గూడ మనిషి లోపల్కి వస్తదా?"

"రాదు వదినా. అది ఆడ్నే ఉంటది."

"అంటే అంతా జేసి పెట్టి, తను దూరం ఉంటదా. దానికి పాపం తగల్దా?"

అప్పుడు నవ్వాడు. తర్వాత చాలాసార్లు ఆ మాట గుర్తొచ్చింది కానీ నవ్వు రాలేదు.

"సార్, ఒక్క నిమిషం."

నిషిత. ల్యాబ్‌లో చేరి ఐదు నెలలయింది. ఆరో నెల దాటితే ఉద్యోగం ఖాయమవుతుంది. చేతిలో నోట్‌బుక్‌ను ఛాతీకి ఆనించి పట్టుకుంది.

"నాలుగో ప్లేట్ క్రిస్టల్ పక్కకు పెట్టమన్నరు కదా సార్. మూడింటికి మీటింగ్‌ల అది చూపెట్టాల్నా వద్దా అని."

"అది పనికిరాదని చెప్పిన గదమ్మా. డ్రాప్ ఖరాబైంది."

"మన మెయిన్ డేటా కన్న మంచిగుంది సార్."

అతను తెర వైపే చూశాడు. ఆమె గొంతు తగ్గించింది.

"అండ్ల మందు కలపలే. నేనే పెట్టిన ఆ ప్లేట్. మందే లేనప్పుడు గాడిల గదే మెలిక ఎట్లొస్తది?"

ఎలా వస్తుందో అతనికి తెలుసు. ప్రోటీన్ స్ఫటికం కట్టాలంటే నీటి బొట్టులో పెగ్ కలుపుతారు. పెగ్ అంటే జిగటగా ఉండే పొడవాటి దారం లాంటి పదార్థం. మందుగోళీల పూతల్లో, మలాముల్లో వాడేది, ఈ చుట్టుపక్కల ఏ గోదాములో చూసినా డ్రమ్ములకు డ్రమ్ములు ఉండేది. దాని తునక ఒకటి అప్పుడప్పుడు ప్రోటీన్ గాడిలో చిక్కుకుని, గాడి ఎలా వంగితే అలా వంగుతుంది. ఈ పని నేర్చుకునేవాళ్లకు మొదటి నెలలోనే చెప్పే హెచ్చరిక అది. దశరథ్ స్వయంగా ఆరుగురికి చెప్పాడు. ఆరో మనిషి నిషిత.

"మందు ముట్టిన పైపెట్ కొన మార్చినవా?" అన్నాడు.

"మార్చిన సార్."

"మార్చిన అనుకుంటున్నవ్."

ఆమె ముఖంలో జరుగుతున్నదాన్ని అతను చూశాడు: ప్లేటు పెట్టిన ఆ మధ్యాహ్నాన్ని మళ్లీ వెతుక్కుంటోంది, చెయ్యి ఎటు పోయింది, కొన ఏ డబ్బాలో పడింది. వెతికినకొద్దీ జ్ఞాపకం మెత్తబడుతుంది. అది ఎంత తేలికో అతనికి తెలుసు.

"మీరన్నంక నాకు గూడ డౌటొస్తుంది సార్," అంది చివరికి. "మార్చిననా లేదా అని."

"అందుకే పక్కకు పెట్టు."

ఆమె వెళ్లిపోయింది. కోపంగా వెళ్లి ఉంటే బాగుండేది. తనను తాను అనుమానించుకుంటూ వెళ్లింది. దశరథ్ చేసింది అదొక్కటే: ఒక పదం, 'అనుకుంటున్నవ్'. అబద్ధం కూడా కాదు.

ద్రాక్షపండ్లు.

అన్న ఐలన్న చనిపోయి రెండేళ్లు. ఫ్యాక్టరీలో డ్రయ్యర్ దగ్గర కాంట్రాక్టు హెల్పరు. మంట లేచిన రోజు పద్నాలుగు మందిని ఆసుపత్రికి తెచ్చారు. అన్న పద్దెనిమిది రోజులు బతికాడు. తొమ్మిదో రోజు పొద్దున నర్సు వీపు మీది కట్టు విప్పుతుంటే వార్డులో తియ్యటి వాసన లేచింది. వదిన తల తిప్పి చూసి, "ద్రాక్షపండ్లు ఎవరు తెచ్చిన్రు?" అంది.

దశరథ్‌కు ఆ వాసన తెలుసు. ల్యాబ్‌లో ప్లేటు మూత తీస్తే వచ్చేది అదే. మొదటి క్షణంలో అతనికి కలిగింది భయం కాదు. గుర్తుపట్టిన సంతోషం. తెలిసిన మనిషి ఎదురైనట్టు. ఆ సంతోషం అర సెకను ఉండి ఉంటుంది. దాని వెనకే భయం వచ్చింది కానీ వరసలో రెండోది అదే, ఆ సంగతి ఎవరికీ తెలియకపోయినా తనకు తెలుసు. అప్పుడు అన్నాడు: "పక్క బెడ్డోళ్లు తెచ్చినట్టున్నరు వదినా."

ఎందుకన్నాడు? రిపోర్టు రాకముందే చెప్తే డాక్టర్లు ఏమనుకుంటారో అనా? చెప్తే నిజమైపోతుందనా? రెండు రోజులు వార్డు బయట బెంచీ మీద కూర్చుని, ఆ మాటను ముడుచుకోనివ్వకుండా, బయటికి రానివ్వకుండా పట్టుకున్నాడు. మూడో రోజు గాజుగుడ్డ మీద పచ్చటి చీము కనిపించింది, రిపోర్టూ వచ్చింది, ఇంజెక్షన్ మార్చారు. రెండు రోజులు ముందు మార్చి ఉంటే? ఏమీ అయ్యేది కాదేమో. ఏమైనా అయ్యేదేమో. ఆ పుండు మీద రాసిన పసుపు మలాం ట్యూబును అతను చాలాసేపు చదివాడు. మలాం అడుగు సరుకు పెగ్. అప్పుడు అది ఒట్టి పదమే.

దినాల నాడు వదినకు మాటిచ్చాడు. "ఆ పురుగు సూదిని ఖాళీ చేసే మందు తీస్త." పదిమందిలో అన్నాడు. అప్పటి నుంచి నెలకోసారి ఆమె అడుగుతుంది: "అయిందా?" నెల కిందట మెలిక కనబడ్డ రోజు అతనే ఫోన్ చేసి "అయినట్టే" అన్నాడు.

పన్నెండున్నరకు ఆమె ఫోన్ వచ్చింది. వెనక మెషీన్ల చప్పుడు, ఎవరో హిందీలో అరుపులు.

"తిన్నవా?"

"ఇగ తింట వదినా. నువ్వు?"

"తిన్న. ఇయ్యాల్నే గద నీ మీటింగు? మంచి అంగీ ఏసుకున్నవా, లేకుంటె గా ముడతల దాంతోనే పోయినవా?"

"వేసుకున్న."

"అబద్ధం." నవ్వింది. తర్వాత గొంతు మారింది. "ఒక మాట అడుగుత. మా లైన్ల సోమమ్మ ఉంటది, చెప్పిన గద. ఆమె పెనిమిటి బాయిలరు కాడ కాలిండు. గదే వార్డు. చెయ్యికి గదే పచ్చది పట్టింది."

దశరథ్ కుర్చీలోంచి లేచాడు. ఎందుకు లేచాడో తెలియదు.

"చెయ్యి తీసెయ్యాలంటున్నరు డాక్టర్లు. తియ్యకుంటె ఒళ్లంత పాకుతదట. ఇయ్యాల సంతకం పెట్టుమంటున్నరు. ఆమె ఏడుస్తుంటె నేనే అన్న, జెర ఆగక్కా, మా మరిది మందు తీసిండు, ఒకటి రెండు దినాలల్ల బయటికొస్తది అని. ఆగుతనన్నది. మంచిగనే చెప్పిన గద?"

ఒకటి రెండు దినాలు.

"దశరథ్? ఇనొస్తుందా?"

"డాక్టర్లు చెప్పినట్టు చెయ్యమను వదినా."

"మరి నీ మందు?"

"దానికి... టైం పడ్తది."

"ఎంత? రెండు దినాలా? నాల్గు దినాలా? గదే చెప్త ఆమెకు."

ఇప్పుడు చెప్పొచ్చు. ఎదురుగా తెర మీద పచ్చటి వల, దాని లోపల తను కూర్చోబెట్టిన మందు అణువు బొమ్మ, నారింజ రంగు పుల్లలు. మందు అయినా కాకపోయినా మనిషికి చేరడానికి ఏళ్లు పడుతుందని, ఇది అసలు మందే కాదని. రెండు మాటలు.

"మీటింగయినంక ఫోన్ చేస్త," అన్నాడు.

"సరే, గప్పటి దాక సంతకం పెట్టకుమంట," అంది వదిన, ధైర్యం వచ్చిన గొంతుతో. ఫోన్ పెట్టేసింది.

మళ్లీ చేస్తే ఎత్తలేదు. లైన్‌లోకి వెళ్లేటప్పుడు ఫోన్లు గేటు దగ్గర పెట్టించుకుంటారు, మూడున్నరకు టీ వేళ బయటికిస్తారు. మెసేజ్ రాయడం మొదలుపెట్టాడు. వదిన ఏడో తరగతి దాకా చదివింది. వేలు పెట్టి అక్షరం అక్షరం చదువుతుంది కాబట్టి పొట్టి పదాలు వెతుక్కుని రాశాడు. 'సోమమ్మను ఆగొద్దని చెప్పు. ఇయ్యాల్నే సంతకం పెట్టమను. నా దగ్గర మందు లేదు.'

చివరి వాక్యం తీసేశాడు. అది లేకపోతే వదిన నమ్మదు. మొండిది. "మరిది భయపడి అంటుండు" అనుకుంటుంది. మళ్లీ రాశాడు. రాసింది చూస్తూ కూర్చున్నాడు. ఈ నాలుగు పదాలు ఆమెకు పంపాక, మూడింటికి ఆ గదిలో నిలబడి మందు ఉందని చెప్పడం కుదరదు. ఒకే నోటితో రెండూ కుదరవు. లేక కుదురుతాయా? మనుషులు చేస్తూనే ఉన్నారు కదా. తనే చేశాడు కదా.

"ఏమయ్యా దశరథ మహరాజా!" డైరెక్టర్ రాజారావు భుజం మీద చెయ్యేశాడు. ఆ చెయ్యి తడిగా ఉంది. "పేరుకు తగ్గట్టు మాట మీద నిలబడే మనిషివి. తయారేనా?"

"సార్, ఒకటి చెప్పాలె."

"మందు కలపని ఆ కంట్రోల్ ప్లేట్ గురించే గద? నిషిత చెప్పింది. ఆ పిల్ల మంచిదే, కానీ జెర పరేషాన్ ఎక్కువ." కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చున్నాడు. "వాళ్లు అడిగితే పని నడుస్తుంది అను. అబద్ధమా? కాదు గద. నడుస్తనే ఉంది."

"సార్, అది పెగ్ కావచ్చు."

"కావచ్చు. కాకపోవచ్చు గూడ. నువ్వే గద నెల కింద నా క్యాబిన్లకు ఉరుక్కుంట వచ్చి చూపెట్టింది? నీ కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. నేనేమన్న అడిగిన్నా?" కిటికీ వైపు చూశాడు. "ఇరవై రెండు మందిమి ఉన్నం దశరథ్. ఇయ్యాల పైసలు పెట్టే బొంబాయోళ్లు వద్దంటే వచ్చే నెల ఈ తలుపులకు తాళమే. తర్వాత ఎంతైనా చెక్ చేసుకో. నేనాపను. ఇయ్యాల ఒక్కరోజు."

రాజారావు చెడ్డవాడు కాదు. భయపడుతున్నవాడు. అతని భయం చేతికి తడిగా తగిలింది, తన భయం ఎవరికీ తగలదు, అంతే తేడా. దశరథ్ ఫోన్ జేబులో పెట్టుకుని లేచాడు. మెసేజ్ అలాగే ఉంది.

మూడు దాటాక మీటింగ్ గదిలో దీపాలు తగ్గించారు. గోడ మీద షాపెరోన్ మనిషంత ఎత్తున తిరుగుతోంది. ఒక మూల నాలుగు చిన్న డబ్బాల్లో నాలుగు ముఖాలు, బొంబాయి నుంచి వీడియో కాల్‌లో. చివరి కుర్చీలో నిషిత, నోట్‌బుక్ మూసి, గోళ్లు చూసుకుంటూ కూర్చుంది. దశరథ్ మాట్లాడాడు. తన గొంతు తనకే బాగా వినిపించింది, నిదానంగా, నమ్మకంగా. రెండు సగాలు, కడ్డీలు, పట్టీలు, గాడి. అన్నీ నిజాలే. గాడి నిజం, గాడి లోతు నిజం, అందులో ఏదో ఉందన్నదీ నిజం. నిజాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ ఎంత దూరమైనా పోవచ్చు, చివరి అడుగు దాకా.

"ఆ బెండ్ దగ్గరికి తీసుకుపో," అన్నాడు రాజారావు ఉత్సాహంగా. "చూడండి, చూడండి, మాలిక్యూల్ ఎట్ల కూర్చుందో."

దగ్గరికి తెచ్చాడు. గోడ నిండా పచ్చదనం. గాజుగుడ్డ మీద కూడా ఇలాగే మధ్యలో ముదురుగా, అంచుల్లో పలచగా ఉంది. ఏసీ గదిలో ఏ వాసనా లేదు. అయినా అతనికి ద్రాక్షపండ్ల వాసన వేసింది. ఈసారి దాని ముందు ఏ సంతోషమూ లేదు.

డబ్బాల్లోంచి ఒక నడివయసు ఆవిడ, అప్పటి దాకా ఏమీ అననిది, కళ్లద్దాలు తీసి అడిగింది. ఇంగ్లిషులో, చాలా మర్యాదగా. మందు కలపకుండా కట్టిన స్ఫటికం చూశారా? అందులో ఈ చోట ఏముంది?

రాజారావు చిన్నగా తల ఊపాడు, పిల్లవాడికి పద్యం అందించే పంతులులా. నిషిత తల ఎత్తి చూసింది. ఆమె కళ్లలో ఆశ లేదు, నింద లేదు. ఆ రోజు కొన మార్చానా లేదా అన్న వెతుకులాటే ఇంకా ఉంది. అది తీసేయగలిగిన మనిషి ఈ గదిలో ఒక్కడే.

గోడ గడియారంలో మూడూ ఇరవై ఎనిమిది. సుల్తాన్‌పూర్‌లో ఇంకో రెండు నిమిషాల్లో గేటు దగ్గర ఫోన్లు ఇస్తారు. వదిన టీ గ్లాసు పక్కన పెట్టి, వేలు పెట్టి చదువుతుంది. సోమమ్మ పెనిమిటి చెయ్యి పోతుంది. మనిషి ఉంటాడేమో, ఉండడేమో. ఈ ల్యాబుకు తాళం పడొచ్చు. అన్న రాడు.

"దశరథ్?" అన్నాడు రాజారావు.

అతను మౌస్ మీంచి చెయ్యి తీశాడు. జేబులోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. అక్షరాలు వెలిగాయి. గదిలో అందరూ అతన్ని చూస్తుండగా, 'నా దగ్గర మందు లేదు' అన్న చివరి వాక్యాన్ని ఒకసారి చదువుకుని, బొటనవేలితో పంపు అన్న చోట నొక్కాడు.